ఫైర్ ఎన్‌ఓసీ రెన్యువల్: తనిఖీలో అసలు ఏం చూస్తారు? కాంట్రాక్టర్ చెప్పేదంతా మార్చాలా?

సెక్రటరీ_సి_బ్లాక్
మాది నిజాంపేట వైపు అపార్ట్‌మెంట్. ఒక సెల్లార్, స్టిల్ట్ పార్కింగ్, దాని మీద 9 అంతస్తులు. ఎత్తు 30 మీటర్లు. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) రెన్యువల్‌కి పెట్టాం, పది రోజుల్లో తనిఖీకి వస్తామన్నారు. ఈలోగా ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్) కాంట్రాక్టర్ కొటేషన్ చేతిలో పెట్టాడు. ఫైర్ సిలిండర్లు 44 కొత్తవి, హోస్ పైపులు 20 కొత్తవి, అలారం ప్యానెల్ మార్పు, డీజిల్ ఇంజను ఓవర్‌హాల్. ఇవన్నీ కాకపోతే సంతకం పడదంటున్నాడు. పంపులు ఆటోలో, అంటే వాటంతట అవి, తిరుగుతున్నాయా అని అడిగితే మాత్రం సూటిగా చెప్పడు. కమిటీలో సగం మంది కొనేద్దామంటున్నారు, మిగతా సగం రూపాయి కూడా ఇచ్చేది లేదంటున్నారు. ఆఫీసరు నిజంగా ఏం చూస్తారు, ఏ వరసలో చూస్తారు? తెలిసినవాళ్లు చెప్పండి.

రైజర్_రంగారావు
వరస చెబుతాను. చేతిలో మీ పాత ఎన్‌ఓసీ, మంజూరైన ప్లాను, టేపు, టార్చి ఉంటాయి. పని గేటు బయటే మొదలవుతుంది. ఫైరింజను లోపలికి రాగలదా, బిల్డింగ్ చుట్టూ తిరగగలదా అన్నది మొదటి ప్రశ్న. గేటు వెడల్పు 4.5 మీటర్లు, చుట్టూ 6 మీటర్ల దారి, ఆ నేల 45 టన్నులు మోయాలి. సంపు మూతో సెప్టిక్ ట్యాంకు మూతో ఆ దారిలో ఉంటే ఆ శ్లాబు కూడా అంతే మోయాలి. సెట్‌బ్యాక్‌లో (బిల్డింగ్ చుట్టూ వదిలిన ఖాళీలో) తర్వాత వేసిన రేకుల షెడ్డు, జనరేటరు, పూలతొట్ల వరస, గోడ పక్కన పెట్టిన కార్లు... రిపోర్టులో మొదట ఎక్కేవి ఇవే. వీటికి కాంట్రాక్టర్ కొటేషన్ ఇవ్వడు కాబట్టి ఎవరికీ గుర్తుండవు.

అక్కడినుంచి గేటు పక్కన ఫైర్ బ్రిగేడ్ ఇన్‌లెట్, అంటే ఫైరింజను బయటినుంచి నీళ్లు తోసే నోరు. తర్వాత పంపు గది. తర్వాత లిఫ్టులో టెర్రస్‌కి వెళ్లి, మెట్ల మీదుగా దిగుతూ ప్రతి అంతస్తు చూస్తారు. ఆఖరున అలారం ప్యానెల్, సెల్లార్ స్ప్రింక్లర్లు (వేడికి వాటంతట అవి నీళ్లు చిమ్మేవి). పోయేముందు వాచ్‌మన్‌ని పిలిచి హోస్ కలపమంటారు. అక్కడ చాలా బిల్డింగులు తేలిపోతాయి.

అసలు పరీక్ష ఒక్కటే. అన్నిటికంటే పైన ఉన్న ల్యాండింగ్ వాల్వ్‌కి (హోస్ తగిలించే కొళాయికి) హోస్ కలిపి నీళ్లు వదిలితే, అక్కడ చదరపు సెంటీమీటరుకి కనీసం 3.5 కేజీల ప్రెషర్ నిలబడాలి. మీరు ఈ ఆదివారమే అది చేయండి. కొటేషన్ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

సిలిండర్_శీను
44 సిలిండర్లు ఒక్కసారే మార్చమన్నాడంటే ఒక్కటి కూడా విప్పి చూడలేదని అర్థం. సిలిండరు ఒంటి మీద తయారీ సంవత్సరం కొట్టి ఉంటుంది. ఫైర్ సిలిండర్ల భారత ప్రమాణం ఐఎస్ 2190 ప్రకారం ఏబీసీ పౌడరు, నీళ్లు, ఫోమ్ సిలిండర్ల ఆయుష్షు 10 ఏళ్లు, సీఓటూ 15 ఏళ్లు. ఆ లోపలున్నవి మార్చక్కర్లేదు, హైడ్రో టెస్టు (నీళ్లు నింపి ప్రెషర్ పెట్టి చూడటం) మాత్రం కావాలి. పౌడరువి 3 ఏళ్లకోసారి 35 కేజీల ప్రెషర్‌తో, సీఓటూవి 5 ఏళ్లకోసారి 250 కేజీలతో. ఆ టెస్టు తేదీ స్టిక్కరు మీద ఉండాలి, సర్టిఫికెట్లో సిలిండరు నంబరు ఉండాలి. నంబరు లేకుండా "44 నంబర్లు టెస్ట్ చేశాం" అని ఒకే కాగితం ఇస్తే తీసుకోవద్దు.

కొత్తపెంకుటిల్లు
అన్నీ కొత్తవి కొనేస్తే పదేళ్లు చూసుకోవాల్సిన పని లేదు కదా. ఎందుకింత లెక్కలు?

సిలిండర్_శీను
చూసుకోవాల్సిన పని ఉంది, కొత్తదానికీ ఉంది. పౌడరు సిలిండరు గోడకి నెలల తరబడి కదలకుండా వేలాడితే లోపల పౌడరు అడుగున గడ్డకడుతుంది. గేజిలో ముల్లు పచ్చలోనే ఉంటుంది, నొక్కితే గ్యాస్ మాత్రమే బుస్సుమని వస్తుంది. మూడు నెలలకోసారి తలకిందులు చేసి రెండు తట్లు తట్టాలి, లోపల పౌడరు జారిన చప్పుడు చేతికి తెలుస్తుంది. ఇంకోటి, కందిరీగలు నాజిల్లో మట్టి గూడు పెడతాయి. సెల్లార్‌లో, టెర్రస్ మీద ఉన్నవాటిలో ఇది మామూలే. ఒక పుల్ల పెట్టి చూస్తే సరిపోతుంది.

సీఓటూకి గేజి ఉండదు, తూకమే దిక్కు. ఖాళీ బరువు ఒంటి మీద కొట్టి ఉంటుంది. లోపలి గ్యాస్ పది శాతం తగ్గిందంటే నింపించాలి. 4.5 కేజీల సిలిండర్లో 450 గ్రాములు పోయినా సరే. కిరాణా కొట్టు కాటా చాలు.

నీలిమంట
తగిలించే ఎత్తు కూడా చెప్పండి. చాలా చోట్ల పిల్లలు లాగుతారని తలకంటే పైన మేకు కొడతారు. సిలిండరు పైభాగం నేల నుంచి ఒకటిన్నర మీటరు దాటకూడదు. ఫ్లోర్‌లో ఎక్కడ నిలబడినా 15 మీటర్ల నడకలో ఒకటి దొరకాలి. ఎలక్ట్రికల్ ప్యానెల్ దగ్గర సీఓటూ, మిగతా చోట ఏబీసీ. పౌడరు ప్యానెల్లో పడితే మంట ఆరాక కూడా ఆ ప్యానెల్ పాడే.

సెక్రటరీ_సి_బ్లాక్
శీను గారూ, మీరు చెప్పాక ఈరోజు తిరిగి చూశాం. 44లో 31 సిలిండర్ల మీద 2019 ఉంది, 9 మీద 2014, మిగతా 4 సీఓటూ. అంటే నిజంగా మార్చాల్సినవి 9. మిగతావాటికి హైడ్రో టెస్టు. ఇదొక్కటే కొటేషన్లో సగం తగ్గిస్తుంది.

సిలిండర్_శీను
ఆ 4 సీఓటూల సంవత్సరం కూడా చూడండి, మెడ దగ్గర కొట్టి ఉంటుంది. టెస్టుకి 31 ఒకేసారి పంపకండి, సగం సగం పంపండి. లేకపోతే ఆ వారం బిల్డింగు ఖాళీ చేతులతో ఉంటుంది.

మెట్లదారి
హోస్ పైపుల సంగతి ఎవరూ అనలేదు. 63 మిల్లీమీటర్లు, 15 మీటర్ల ముక్కలు. విప్పి ప్రెషర్ పెట్టి చూడకుండా మార్చమనడం అన్యాయం. మడత దగ్గర పగుళ్లు, కప్లింగ్ దగ్గర తీగ వదులవడం, ఎలుక కొరకడం, ఈ మూడూ చూడాలి. ప్రతిసారీ ఒకే మడత మీద చుడితే అక్కడే చీలుతుంది, కాబట్టి ఆరు నెలలకోసారి మడత మార్చి చుట్టాలి. తడిసినదాన్ని నీడలో ఆరబెట్టి పెట్టాలి. పెట్టెలో బ్రాంచ్ పైపు (హోస్ చివర చేత్తో పట్టుకునేది), నాజిల్ ఉన్నాయో లేదో ముందు లెక్కపెట్టండి. ఇత్తడివో గన్‌మెటల్‌వో అయితే తూకానికి పోతాయి.

సెల్లార్_సత్తి
అవి మాయమైతయనే చానా చోట్ల హోస్ పెట్టెలకు తాళం ఏస్తున్నరు. తాళం చెవి సెక్రటరీ ఇంట్ల. అద్దం పగలగొట్టెతందుకు సుత్తె సుత పెట్టరు.

రైజర్_రంగారావు
తాళం కనబడితే ఆఫీసరు అక్కడే రాసేస్తారు. పోతాయని భయముంటే గన్‌మెటల్ బదులు అల్యూమినియం మిశ్రమంవి పెట్టుకోండి, పెట్టె సీసీ కెమెరా కింద ఉండేలా చూసుకోండి. తాళం మాత్రం వద్దు.

ఆదివారం పరీక్షకి ఒక జాగ్రత్త. 20 మిల్లీమీటర్ల నాజిల్‌లో 3.5 కేజీల దగ్గర నిమిషానికి దాదాపు 500 లీటర్లు పోతుంది. ఆ నాజిల్ పట్టుకున్నవాడిని 22 కేజీల బలంతో వెనక్కి తోస్తుంది. ఇద్దరు పట్టుకోవాలి, ఒకరు వాల్వ్ దగ్గర ఉండాలి, వాల్వ్ నెమ్మదిగా తెరవాలి. టెర్రస్ పిట్టగోడకి ఆనుకుని నిలబడి ఎవరూ పట్టుకోవద్దు.

పంపుగది_ప్రసాద్
పంపు గది గురించి కొంచెం విడమరచి రాస్తాను, అక్కడే ఎక్కువ బిల్డింగులు ఫెయిలవుతాయి.

మూడు పంపులుంటాయి. చిన్నది జాకీ, నిమిషానికి 180 లీటర్లు. మెయిన్ మోటారు పంపు 2280 లీటర్లు. కరెంటు లేకపోతే తిరగడానికి అంతే సామర్థ్యం ఉన్న డీజిల్ పంపు. లైన్లో ప్రెషర్ ఎప్పుడూ నిలిచి ఉంటుంది. చిన్న కారుడికి జాకీ వచ్చి నింపి ఆగిపోతుంది. ఎవరైనా హోస్ తెరిస్తే ప్రెషర్ ఇంకా పడి మెయిన్ మొదలవుతుంది. మెయిన్ రాకపోతే ఇంకా పడి డీజిల్. మీ ఎత్తుకి మామూలుగా పెట్టే సెట్టింగు ఇలా ఉంటుంది: జాకీ 6.5 దగ్గర మొదలై 7 దగ్గర ఆగాలి, మెయిన్ 5.5 దగ్గర, డీజిల్ 4.5 దగ్గర మొదలవ్వాలి. మెయిన్, డీజిల్ వాటంతట అవి ఆగకూడదు. మనిషి వెళ్లి ఆపాలి.

తనిఖీలో చేసేది ఇది. ప్యానెల్ ఆటోలో ఉంచి, డ్రెయిన్ వాల్వ్ కొంచెం తెరుస్తారు. జాకీ రావాలి. ఇంకా తెరుస్తారు. మెయిన్ రావాలి. తర్వాత మెయిన్ పంపు కరెంటు తీసేస్తారు, డీజిల్ దానంతట అది స్టార్టవ్వాలి. ఈ మూడో మెట్టు దగ్గర బ్యాటరీ కిర్రుమంటుంది, ఇంజను కదలదు.

వైర్‌మ్యాన్_బెజవాడ
బ్యాటరీ ఎందుకు పోతుందంటే ఛార్జర్ ఎంసీబీ (స్విచ్) ఎవరో కిందికి దించి ఉంటారు. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుని ఉంటుంది. వేణ్నీళ్లు పోసి రుద్ది, వ్యాజలీన్ రాస్తే ఖర్చు లేకుండా సగం ఓవర్‌హాల్ అయిపోతుంది. రెండోది డీజిల్. ట్యాంకులో రెండేళ్ల పాత డీజిలుంటే అడుగున నీళ్లు, జిగురు చేరతాయి. డ్రెయిన్ తిప్పి ఒక గ్లాసు పట్టి చూడండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఫైర్ పంపు కరెంటు బిల్డింగ్ మెయిన్ స్విచ్‌కి ముందు నుంచే రావాలి. మంటలప్పుడు ఫైర్ వాళ్లు ముందు చేసే పని బిల్డింగ్ కరెంటు తీసేయడం. పంపు కూడా ఆ స్విచ్ కిందే ఉంటే నీళ్లు అక్కడితో ఆగిపోతాయి. ఒకసారి మెయిన్ దించి, పంపు ప్యానెల్లో లైటు వెలుగుతుందో లేదో చూసుకోండి.

షార్జా_సేఫ్టీ
అమెరికా ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 25 ప్రకారం డీజిల్ పంపు వారానికోసారి 30 నిమిషాలు తిప్పాలి. ఇక్కడ గల్ఫ్‌లో అదే పాటిస్తాం, లాగ్ బుక్కులో ఆయిల్ ప్రెషర్, నీళ్ల వేడి కూడా రాస్తాం. ఐదు నిమిషాలు తిప్పి ఆపేస్తే ఇంజను వేడెక్కదు, సైలెన్సర్లో తడి మిగిలి తుప్పు పడుతుంది.

సెల్లార్_సత్తి
30 నిమిషాలా అన్నా! పంపు గది పైన ఫ్లాటోల్లు ఐదు నిమిషాలకే ఫోన్ కొడుతరు. గా లొల్లికే వాచ్‌మన్ ప్యానెల్‌ను మాన్యువల్‌ల పెడుతడు.

పంపుగది_ప్రసాద్
సత్తి చెప్పిన ఆ మాన్యువలే అసలు జబ్బు. రాత్రి జాకీ మాటిమాటికీ తిరిగి చప్పుడు చేస్తుందని మాన్యువల్లో పెడతారు. జాకీ మాటిమాటికీ తిరుగుతోందంటే లైను ఎక్కడో కారుతోంది. ఆ కారుడు పట్టుకోకుండా పంపు ఆపేస్తే, మూడు నెలలకి రైజర్లో (పై అంతస్తులకి నీళ్లెక్కే నిలువు పైపులో) నీళ్లే ఉండవు.

గజిబిజి
మాన్యువల్లో పెట్టి, వాచ్‌మన్‌కి బటన్ నొక్కడం నేర్పితే సరిపోదా? మంటొస్తే పరిగెత్తి నొక్కుతాడు.

రైజర్_రంగారావు
సరిపోదు. పంపు గది సెల్లార్‌లో ఉంది. సెల్లార్‌లోనే మంట వస్తే అతను పొగలోకి వెళ్లి బటన్ నొక్కాలా? అర్ధరాత్రి రెండింటికి గేటు దగ్గర ఒక్కడే ఉంటాడు. 101కి ఫోన్ చేయాలి, గేటు తీయాలి, జనాన్ని లేపాలి. పంపు పని పంపు చూసుకోవాలి.

సెక్రటరీ_సి_బ్లాక్
ఈరోజు పరీక్ష చేశాం. ప్యానెల్ నిజంగానే మాన్యువల్లో ఉంది. ఆటోలో పెట్టాక జాకీ, మెయిన్ వచ్చాయి. డీజిల్ రాలేదు, బెజవాడ గారు చెప్పినట్టే ఛార్జర్ ఎంసీబీ కిందికి ఉంది.

ప్రెషర్ సంగతి. పంపు గదిలో గేజి 7.2. టెర్రస్ మీద ల్యాండింగ్ వాల్వ్ పక్కన గేజి పెట్టి చూస్తే, నీళ్లు వదలనప్పుడు 4.0. నాజిల్ తెరవగానే 2.3కి పడిపోయింది. కింద మాత్రం 7.2 కదల్లేదు. జాకీ నాలుగు నిమిషాలకోసారి వస్తూనే ఉంది. కాంట్రాక్టర్ "పంపు అరిగింది, ఇంపెల్లర్ (లోపల తిరిగే చక్రం) మార్చాలి" అంటున్నాడు.

పంపుగది_ప్రసాద్
పంపు అరగలేదు. లెక్క చూడండి. పంపు నుంచి టెర్రస్ వాల్వ్‌కి ఎత్తు సుమారు 32 మీటర్లు. పది మీటర్లకి ఒక కేజీ చొప్పున 3.2 పోతుంది. 7.2లో 3.2 తీస్తే 4.0. నీళ్లు కదలనప్పుడు మీకు సరిగ్గా అదే వచ్చింది, కాబట్టి పంపూ బాగుంది, గేజీలూ బాగున్నాయి. ఒక్క హోస్ తెరిస్తే 100 మిల్లీమీటర్ల రైజర్లో రాపిడికి పోయేది పావు కేజీ కూడా ఉండదు. మీకు 1.7 పోయింది. దారిలో ఏదో అడ్డం ఉంది. ఇంపెల్లర్ అరిగితే కింద గేజి కూడా పడేది.

రైజర్ మొదట్లో బటర్‌ఫ్లై వాల్వ్ ఉంటుంది. లివర్ తెరిచినట్టే కనిపిస్తుంది, లోపల డిస్క్ సగంలో ఆగిపోయి ఉండొచ్చు. షాఫ్టు చివర ఒక గీత ఉంటుంది. ఆ గీత పైపుకి సమాంతరంగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. లివర్ని కాకుండా గీతని నమ్మండి.

వైర్‌మ్యాన్_బెజవాడ
ప్రసాద్ గారి లెక్క కరెక్ట్. మోటారు ఉల్టా తిరిగినా ప్రెషర్ తగ్గుతుంది కానీ అప్పుడు కింద కూడా 7.2 రాదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడల్లా ఫేజులు తారుమారయ్యాయేమో చూసుకోవడం మంచిది. పంపు మీద బాణం గుర్తు వైపే షాఫ్టు తిరగాలి.

మెట్లదారి
జాకీ నాలుగు నిమిషాలకోసారి వస్తుండటం వేరే రోగం. టెర్రస్ ట్యాంకు నుంచి రైజర్‌కి దిగే లైను మీద ఎన్‌ఆర్‌వి (నీళ్లని ఒకవైపే పోనిచ్చే వాల్వ్) ఉంటుంది. దాని పలక కింద తుప్పు ముక్కో చెత్తో ఇరుక్కుంటే కింది ప్రెషర్‌కి నీళ్లు పైకెక్కి ట్యాంకులో పడతాయి. ట్యాంకు మూత తీసి చెవి పెట్టండి, జాకీ తిరిగినప్పుడు లోపల నీళ్ల చప్పుడు వస్తే అదే. ఆ లైను వాల్వ్ మూసి పదిహేను నిమిషాలు చూడండి. జాకీ రాకపోతే దొరికినట్టే. తర్వాత ఆ వాల్వ్ మళ్లీ తెరవడం మర్చిపోకండి.

సెల్లార్_సత్తి
ట్యాంకు ఓవర్‌ఫ్లో అయితున్నదని అందరు బోరు మోటరుని తిడుతరు. ఆడ నీళ్లు ఎక్కిచ్చేది ఫైర్ పంపు!

మూడో_అంతస్తు
నాకు మెట్ల గురించి అడగాలని ఉంది. మా దగ్గర ప్రతి అంతస్తులో మెట్ల తలుపుకి ఇటుక అడ్డం పెట్టి తెరిచే ఉంచుతారు, గాలి వెలుతురు వస్తుందని. టెర్రస్ తలుపుకి తాళం. చిన్నపిల్లలు పైకి పోతారని, దొంగల భయమని. ఈ రెండూ తప్పేనా? పిల్లల సంగతి మరి?

రైజర్_రంగారావు
ఇటుక మాత్రం ఈరోజే తీసేయించండి. ఆ తలుపు 120 నిమిషాలు మంటనీ పొగనీ ఆపడానికి పెట్టింది, మూసి ఉంటేనే ఆపుతుంది. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంట మొదలైంది. పొగ మెట్ల మీదుగా పైకి ఎక్కింది, 8 మంది పోయారు. 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్‌లో వాణిజ్య సముదాయంలో 6 మంది పోయారు, వాళ్లూ పొగకే. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో 17 మంది. అక్కడ బయటపడటానికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. మెట్లలోకి పొగ వచ్చిందంటే ఇక ఆ మెట్లు మెట్లు కావు, పొగగొట్టం.

తలుపు పైన క్లోజర్ సరిగ్గా ఉందో చూడండి. పూర్తిగా తెరిచి వదిలేస్తే దానంతట అది వచ్చి నాలుక పడేదాకా మూసుకోవాలి. చివరి రెండంగుళాల దగ్గర ఆగిపోతే క్లోజర్ స్క్రూ సర్దాలి.

గజిబిజి
టెర్రస్ తాళం విషయంలో నేను మూడో_అంతస్తు గారి వైపే. పిల్లలు పడిపోయే ప్రమాదం రోజూ ఉంటుంది, మంట ఎప్పుడో వస్తుంది. తాళం తీయమనడం సులువు.

నీలిమంట
రెండూ కుదురుతాయి. టెర్రస్ తలుపుకి ప్యానిక్ బార్ (లోపలినుంచి తోస్తే తెరుచుకునే అడ్డకడ్డీ) పెట్టి, తెరిస్తే గేటు దగ్గర సైరన్ మోగేలా చేయండి. పిల్లాడు తోసినా వాచ్‌మన్‌కి తెలుస్తుంది. లేదంటే మ్యాగ్నెట్ లాక్. ఫైర్ అలారం మోగినా కరెంటు పోయినా దానంతట అది వదలాలి. బ్యాటరీ బ్యాకప్‌తో పట్టుకునే ఉండే రకం పెట్టకండి. పిల్లల కోసం పిట్టగోడ ఎత్తు పెంచాలి, అది వేరే పని, అది కూడా చేయాల్సిందే.

మూడో_అంతస్తు
సైరన్ ఆలోచన బాగుంది. ఈ నెల మీటింగులో పెడతాను. కారిడార్లో చెప్పుల స్టాండ్లు, ఫ్లాటు ముందు ముందుకి జరిపి పెట్టుకున్న ఇనుప గ్రిల్లులు కూడా రాస్తారా?

రైజర్_రంగారావు
రాస్తారు. గ్రిల్లు మీ గడప దాటి కారిడార్లోకి వస్తే అది దారిని తగ్గించినట్టే, ప్లానులో ఉన్న వెడల్పు టేపుతో కొలుస్తారు. బాల్కనీకి మొత్తం గ్రిల్లు వేసుకున్నవాళ్లు అందులో ఒక మనిషి పట్టే తలుపు, లోపలినుంచి తెరుచుకునే గడియతో పెట్టించుకోవాలి. తాళం వేయొద్దు. నిచ్చెన బాల్కనీ దాకా వచ్చాక గ్రిల్లు కోయడానికి పోయే నిమిషాలు చాలా విలువైనవి.

వైర్‌మ్యాన్_బెజవాడ
కేబుళ్లు పైకెళ్లే ఎలక్ట్రికల్ షాఫ్టు తలుపు తెరిచి తల పైకెత్తి చూడండి. పై అంతస్తు వెలుతురు కనిపిస్తే ఆ షాఫ్టు కూడా పొగగొట్టమే. ప్రతి అంతస్తు శ్లాబు దగ్గర కేబుళ్ల చుట్టూ ఫైర్ స్టాప్ మోర్టార్‌తో మూయాలి. థర్మోకోల్, మామూలు ఫోమ్ స్ప్రే పనికిరావు, అవే అంటుకుంటాయి. షాఫ్టులో చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, పాత పెయింటు డబ్బాలు పెట్టే అలవాటు అన్ని చోట్లా ఉంది.

కొత్తపెంకుటిల్లు
స్కూటర్ల మాట వచ్చింది కాబట్టి, స్టిల్ట్‌లో మెట్ల పక్కనే ఎక్స్‌టెన్షన్ బాక్సుతో ఛార్జింగ్ పెడుతున్నారు. ఇది ఆపమని ఆఫీసరు చెప్తే వింటారు, నేను చెప్తే వినరు.

నీలిమంట
ఆఫీసరు వచ్చేదాకా ఆగకండి. ఛార్జింగ్ పాయింట్లు మెట్లకి, లిఫ్టుకి, మీటర్ బోర్డుకి దూరంగా బయటి గోడవైపు పెట్టండి. ఒక్కోదానికి విడిగా 16 ఆంపియర్ల సాకెట్టు, ఎంసీబీ, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్). ఎక్స్‌టెన్షన్ బాక్సు పూర్తిగా నిషేధం. లిథియం బ్యాటరీ లోపల సెల్ అంటుకుంటే ఏబీసీ పౌడరు పైమంటని కాసేపు అణుస్తుంది, లోపలి వేడి ఆగదు. చాలా నీళ్లు కావాలి, ఆరిందనుకున్నాక గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోవచ్చు. అందుకే దాన్ని మెట్ల దగ్గర ఉంచకూడదు.

షార్జా_సేఫ్టీ
సెల్లార్ స్ప్రింక్లర్లు మర్చిపోయారు. 200 చదరపు మీటర్లు దాటిన బేస్‌మెంట్‌కి అవి తప్పనిసరి. స్ప్రింక్లర్ తల మీద గాజు బల్బు ఎరుపు రంగుదైతే 68 డిగ్రీల దగ్గర పగులుతుంది. పసుపు 79, ఆకుపచ్చ 93. సీలింగుకి పెయింటు వేసినప్పుడు ఆ తలల మీద కూడా వేసేస్తారు. పెయింటు పడ్డ తలని గీకకూడదు, మార్చాలి. తర్వాత కట్టిన స్టోర్ గది గోడల వల్ల లోపల ఒక్క తల కూడా లేకుండా పోయిందేమో చూడండి. సామాను తలకి అరమీటరు కిందే ఆగాలి. లైను చివర టెస్టు వాల్వ్ ఉంటుంది, అది తెరిస్తే ఒక నిమిషంలోపు గంట మోగాలి.

సెక్రటరీ_సి_బ్లాక్
ప్రసాద్ గారూ, మెట్లదారి గారూ, రెండూ నిజమే. రైజర్ బటర్‌ఫ్లై వాల్వ్ లివర్ తెరిచినట్టే ఉంది, షాఫ్టు గీత ఏటవాలుగా ఉంది. లివర్ని పట్టి ఉంచే పిన్ను విరిగింది. స్పానర్‌తో తిప్పి పూర్తిగా తెరిచాం, నాజిల్ తెరిచాక పైన 3.9 నిలబడింది. టెర్రస్ ఎన్‌ఆర్‌వి విప్పితే పలక కింద తుప్పు పెచ్చు, వెల్డింగు ముక్క. శుభ్రం చేసి, కొత్త రబ్బరు వేశాం. ఇప్పుడు రెండు గంటల్లో జాకీ ఒక్కసారి కూడా రాలేదు. డీజిల్‌కి కొత్త బ్యాటరీ పెట్టాం, ఆటోలో స్టార్టయింది. అలారం ప్యానెల్ ఒక్కటే మిగిలింది, "ఫాల్ట్" లైటు వెలుగుతూనే ఉంది.

నీలిమంట
ప్యానెల్ మార్చేముందు ఫాల్ట్ ఏ జోన్‌లో ఉందో చూడండి. ఎక్కువగా ఎవరో ఫ్లాటు రెనొవేషన్లో పొగ డిటెక్టర్ పీకేసి ఉంటారు, లేదా ప్యానెల్ లోపలి బ్యాటరీలు పోయి ఉంటాయి. అవి కరెంటు లేకుండా 24 గంటలు నిలబెట్టాలి. ప్యానెల్ కరెంటు తీసి చూడండి, పది నిమిషాల్లో ఆరిపోతే బ్యాటరీలే. ప్రతి అంతస్తులో బ్రేక్ గ్లాస్ (అద్దం పగలగొట్టి అలారం మోగించే పెట్టె) ఒకటి దాని తాళంచెవితో పరీక్షించి, హూటర్ చప్పుడు చివరి ఫ్లాటు బెడ్‌రూమ్‌లో తలుపు మూస్తే వినిపిస్తుందో లేదో ఒకరిని నిలబెట్టి వినండి.

రైజర్_రంగారావు
గేటు దగ్గర ఇన్‌లెట్ చూశారా? మూతలు పోతే పిల్లలు లోపల రాళ్లు, చాక్లెట్ కాగితాలు వేస్తారు. ఫైరింజను దాన్లోకి నీళ్లు తోసినప్పుడు అవన్నీ పైకెళ్లి నాజిల్‌కి అడ్డం పడతాయి. దాని ముందు కారు పార్క్ చేయకుండా నేల మీద పసుపు గీతలు గీయించండి. సంపులో మీ ఎన్‌ఓసీలో రాసిన నీళ్లు ఎప్పుడూ ఉండాలి. 75,000 లీటర్లనుకుంటే 2280 పంపుకి 33 నిమిషాలు. వాడకం నీళ్ల పైపు అదే సంపులో ఉంటే, దాని నోరు ఫైర్ నీటి మట్టానికి పైన ఉండాలి. వేసవిలో అందరూ ఈ నీళ్లే తోడేసేది.

సెక్రటరీ_సి_బ్లాక్
ఇన్‌లెట్‌కి రెండు మూతలు లేవు, తెప్పిస్తున్నాం. ప్యానెల్‌కి బ్యాటరీలే పోయాయి, రెండూ మార్చాం, ఫాల్ట్ పోయింది. శనివారం పొద్దున డ్రిల్ పెడుతున్నాం, ఇకనుంచి ఆరు నెలలకోసారి. ఒక్క సందేహం. ఆరో అంతస్తులో వీల్‌చైర్‌లో ఉండే పెద్దాయన ఉన్నారు, ఏడులో మోకాళ్ల ఆపరేషన్ అయిన ఆవిడ. లిఫ్టు వాడొద్దంటారు కదా, వాళ్లని ఎలా?

రైజర్_రంగారావు
మామూలు లిఫ్టు వద్దు. ఫైర్ లిఫ్టు ఉంటే అది ఫైర్ సిబ్బంది స్విచ్ తిప్పి నడుపుతారు, మీరు కాదు. వాళ్లిద్దరి అంతస్తు, ఫ్లాటు నంబరు రాసిన కాగితం గేటు గదిలో గోడకి అంటించండి. ఫైరింజను రాగానే వాచ్‌మన్ మొదట చెప్పాల్సింది అదే. పక్క ఫ్లాట్ల నుంచి ఒక్కొక్కరికి నలుగురి పేర్లు రాసుకోండి, పగలు ఇద్దరు, రాత్రి ఇద్దరు. వీల్‌చైర్‌తో సహా దించే ప్రయత్నం చేయకండి, మలుపు దగ్గర జారుతుంది. చేతులున్న గట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకి దుప్పటితో కట్టి, ముందు ఒకరు వెనక ఒకరు పట్టుకోవాలి. పెద్దాయన ముఖం ముందుకి ఉండాలి, కుర్చీ వెనక్కి వాలి ఉండాలి. దించలేకపోతే మెట్ల గదిలోకి తెచ్చి, ఫైర్ తలుపు మూసి, ఒక మనిషి తోడుండి ఫోన్లో ఏ అంతస్తో చెప్పాలి.

శనివారం డ్రిల్‌లో ముందు ఖాళీ కుర్చీలో ఇరవై కేజీల బియ్యం బస్తా పెట్టి ఆరు నుంచి కిందికి దించి చూడండి. మలుపుల దగ్గర ఎంత సేపు పడుతుందో గడియారం పెట్టి రాసుకోండి.

మూడో_అంతస్తు
పెద్దాయనకి పగటి మనుషుల్లో నా పేరు, మా తమ్ముడి పేరు రాసుకోండి. రాత్రికి 602 వాళ్లని నేను అడుగుతాను.